విద్యుత్ బండి: కిరాయి లెక్క తేలాకే బేరం

ఆదిలాబాద్: క్వింటాలు మీద పది రూపాయల కోసం గంటసేపు బేరమాడే వర్తకుడు బండి కిరాయి దగ్గర అంత పట్టుదల చూపడం తక్కువ. డీజిలు పెరిగినప్పుడల్లా కిరాయి పెరుగుతుంది. ఆ భారం చివరకు సరుకు మీదనే పడుతుంది. విద్యుత్ బండ్ల ప్రశ్నను మన బజారు ఈ దృష్టితోనే చూడవలసి వున్నది.

ఈ విషయంలో మారిషస్ ద్వీపం అనుభవం గమనించదగ్గది. 19వ శతాబ్దంలో మన తెలుగువారు చెరకు తోటల పనికి వెళ్లి స్థిరపడిన దేశం అది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు. ఎటు వెళ్లినా సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు గనుక దారిలో బ్యాటరీ అయిపోతుందనే భయం తక్కువ. పెట్రోలు, డీజిలు ప్రతి చుక్కా ఓడలో రావలసిందే. అందుచేత ఆ ప్రభుత్వం 2022లో విద్యుత్ కార్లపై ఎక్సైజు సుంకం ఎత్తివేసింది. అయితే అక్కడి విద్యుత్తులో అధిక భాగం చమురు, బొగ్గు నుంచే వస్తుంది. ఆ బొగ్గు కూడా దిగుమతి సరుకే. అంటే ఒక దిగుమతి తగ్గితే మరొకటి పెరుగుతుంది.

మన పరిస్థితి అంతకంటె మెరుగు. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి వస్తున్నది. బొగ్గు మాత్రం ఉమ్మడి జిల్లాలోని బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనుల్లోనే వున్నది. జైపూర్‌లో సింగరేణి వారి 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం 2016 నుంచి పనిచేస్తున్నది. పొగ మాట ఎలా వున్నా, డబ్బు మాత్రం సముద్రం దాటిపోదు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 వరకు మినహాయించింది. సరుకు మోసే మూడు చక్రాల బండ్లకూ ఇది వర్తిస్తుంది. కాని రాయితీ చూసి ఎగబడడం వర్తక లక్షణం కాదు. లెక్క చూద్దాం.

ట్రాలీ ఆటో రోజుకు 60 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. డీజిలు లీటరు 95 రూపాయలు, లీటరుకు 30 కిలోమీటర్లు వేసుకుంటే ఖర్చు 190 రూపాయలు. విద్యుత్ బండి 10 యూనిట్లకు 80 కిలోమీటర్లు నడిచి, యూనిటు 8 రూపాయలు పడితే ఖర్చు 60 రూపాయలు. రోజుకు మిగులు 130. ఏడాదిలో 300 రోజులు తిరిగితే 39,000 రూపాయలు. పత్తి సీజనులో 100 రోజులే తిరిగితే 13,000 మాత్రమే. వాయిదాలు పన్నెండు నెలలూ కట్టాలి. కొన్నేళ్లకు బ్యాటరీ ఖర్చూ వస్తుంది. సీజను బండిగా కొన్నవాడు నష్టపోతాడు. ఏడాది పొడుగునా పని వున్నవాడు లాభపడతాడు. కీలకం ఇదే.

కాబట్టి బేళ్లు ఎత్తుకుని దూర రాష్ట్రాలకు పోయే లారీల జోలికి ఇప్పుడే పోనక్కరలేదు. డి.సి.ఎం.లలో యార్డుకు వచ్చే పత్తి సంగతీ అంతే. మొదట మారవలసినవి పట్టణంలో గోదాము నుంచి దుకాణానికి కిరాణా, ఎరువు, గింజ బస్తాలు మోసే బండ్లు. వాటికి దూరం తక్కువ, తిప్పడం ఎక్కువ. ద్వీపానికి కలిసివచ్చిన లక్షణమే వీటికీ వున్నది.

ఇందుకు రెండు పనులు జరగాలి. మొదటిది, మార్కెట్ కమిటీ యార్డులో ఛార్జింగు పాయింట్లు పెట్టాలి. తేమ పరీక్షకు, తూకానికి సరుకు వరుసలో వున్నంతసేపు చిన్న బండ్లు ఖాళీగా నిలబడే వుంటాయి. ఆ సమయం వృథా పోనక్కరలేదు. రెండవది, అడ్తిదారులు, జిన్నింగు మిల్లులు, కిరాణా హోల్‌సేలర్లు కలిసి పత్తి లేని నెలల్లోనూ బండ్లకు పని చూపాలి. అప్పు చేసి బండి కొనేది సాధారణంగా డ్రైవరే. పని హామీ ఇవ్వకుండా కొత్త బండి కొనమని అతనికి సలహా ఇవ్వడం న్యాయం కాదు.

హామీ ఇచ్చిన వర్తకుడు మిగులులో వాటా అడగవచ్చు. కిరాయి తగ్గాలంటే దారి అదే.