మిల్లు బూడిద – మన బాధ్యత

వ్యర్థప్రసంగమును ఊకదంపుడనుట, ఫలింపని శ్రమను బూడిదలో పోసిన పన్నీరనుట తెలుగువారి వాడుక. ఊకకును బూడిదకును విలువ లేదను భావము మన పలుకుబడిలోనే నాటుకొని యున్నది. ఇంటింట ధాన్యము దంచుకొన్న దినములలో ఈ భావమువలన హాని లేకుండెను. ఊక పొయ్యిలోనికిని, బూడిద అంట్లు తోముటకును పోగా మిగులునది స్వల్పము. నేడు ధాన్యమంతయు మిల్లులకు చేరుచున్నది. ఇంటి పెరటికి సరిపడిన పద్ధతి మిల్లు పెరటికి సరిపడదు.

1953లో తుంగభద్ర జలాశయము సిద్ధమైన పిదప ఎడమగట్టు కాలువ క్రిందికి కోస్తా జిల్లాలనుండి రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకొనిరి. గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతములు వరికి పేరు గాంచుటలో మనవారి చెమట కలదు. మిల్లులలో మనవారి పెట్టుబడియు కలదు. కావున ఆ మిల్లుల బూడిదలోను మనకు పాలు కలదని ఒప్పుకొనక తప్పదు.

నేను నివసించు పేటలో గాలి ఇటు తిరిగిన దినమున ఆరవేసిన బట్టలపై మసి పడును. ఒక మిల్లు వెనుక కాలువగట్టున పోసిన బూడిదగుట్ట వానకు కరగి నీటిలోనికి జారుచున్నది. పొరుగింటి కన్నడ ఇల్లాలు ఒకనాడు నన్ను నిలిపి, ‘‘మీవారి మిల్లే గదా, ఒక మాట చెప్పరాదా?’’ అని అడిగినది. ఆమె మాటలో ద్వేషము లేదు. అందువలననే నాకు సిగ్గు కలిగినది.

లెక్క చూతము. 100 కిలోల ధాన్యమాడించిన సుమారు 20 కిలోల ఊక వచ్చును. ఆ ఊకను కాల్చిన సుమారు 4 కిలోల బూడిద మిగులును. వెయ్యి టన్నులు ఆడించిన మిల్లుకు 40 టన్నుల బూడిద! ఊక బాయిలర్లకును ఇటుక బట్టీలకును పోవుచున్నది గనుక అది వృథా యగుట లేదనవచ్చును. కాని బూడిద మాత్రము ఎవరికిని అక్కరలేనిదై గట్లపై పడుచున్నది.

బాగుగా కాలిన బూడిదలో నూటికి 85 మొదలు 90 వంతులు సిలికాయే. అట్టి సిలికా సున్నముతోను నీటితోను కలిసి గట్టిపడును. ఈ గుణము మన మేస్త్రీలకు క్రొత్త కాదు. ఇటుకపొడిని సున్నముతో చేర్చి గానుగలో త్రిప్పి డంగుసున్నము చేసినప్పుడు జరుగునదియు ఇట్టిదియే. 1970వ దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పి. కె. మెహతా ఊక బూడిదను సిమెంటుతో చేర్చు విధానమును పరిశోధించిరి. కాంక్రీటు పనులకు మన దేశమున 2000లో వెలువడిన ఐ.ఎస్. 456 ప్రమాణము కూడ, గుణము సరిపోయినచో, అధికారుల అనుమతితో దీని వాడకమునకు అవకాశ మిచ్చినది. సిమెంటులో నూటికి 10 మొదలు 15 వంతులను మంచి బూడిద భర్తీ చేయగలదు. సిమెంటుకు మూలము సున్నపురాయి. ఒక టన్ను స్వచ్ఛమైన సున్నపురాయి సున్నమగునప్పుడు, వంటచెరకు పొగ గాక, రాతినుండియే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. సిమెంటు ఎంత తగ్గిన భూమికి అంత మేలు.

అయితే ప్రతి బూడిదయు ఇందుకు పనికిరాదు. ఊక సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడుకు లోబడి నిలుకడగా కాలవలెను. వేడి మిక్కుటమైనచో సిలికా స్ఫటికమై కలియు శక్తిని కోల్పోవును. అట్టి ధూళి పనివాని ఊపిరితిత్తులకు హానికరము కూడ. సగము కాలి నల్లగా నున్న బూడిద నీటిని పీల్చి గోడను బలహీనపరచును. తెలియక ఇంత బూడిద కలిపి ఇల్లు కట్టి, అది బీటలు వారిన పిమ్మట విద్యనే నిందించుట తగదు.

వరిగడ్డి సంగతియు చెప్పవలసి యున్నది. కోత యంత్రములు వచ్చిన తరువాత పలుచోట్ల గడ్డిని పొలముననే తగులబెట్టుచున్నారు. హైదరాబాదు ఐ.ఐ.టి. వారును భువనేశ్వరమునందలి కిట్ విద్యాసంస్థవారును కలిసి, తరిగిన గడ్డి, చెరకుపిప్పి మున్నగువానిని సున్నపు ద్రవముతో కలిపి అచ్చుపోసి ఇటుకలు చేసిరి. వీనిని బట్టీలో కాల్చ నక్కరలేదు. నెలదినములు గాలికి ఆరిన చాలును. 2021 సెప్టెంబరులో ఐ.ఐ.టి. ఆవరణలో వీనితో ఒక కాపలా గది కట్టిరి. ఇవి మట్టి ఇటుకలకంటె ఎంతో తేలిక, కాని బరువు మోయవు. లోహపు చట్రము నిలిపి, నడుమ నింపి, వానకు తడియకుండ పూత పూయవలెను. పశువుల మేతకు పోగా మిగిలిన గడ్డినే ఇందుకు వాడుట న్యాయము.

నా సూచనలు మూడు. మొదటిది: ఒక్కొక్క ఊరి మిల్లు యజమానులు కలిసి, దగ్గరి ఇంజనీరింగు కళాశాలలో తమ తమ బూడిదను పరీక్ష చేయింపవలెను. మంచి దానిని వేరుచేసి, మెత్తగా నూరించి, సిమెంటు దిమ్మెలు చేయువారికి అమ్మవలెను. రెండవది: పరీక్ష ముగియువరకు బూడిదను కప్పిన దొడ్డిలో నుంచవలెను, ఎత్తు కూలీలకు ముక్కుకప్పు లీయవలెను. మూడవది: తొలి ప్రయోగము పేదవాని ఇంటిపై చేయరాదు. మన సంఘపు ప్రహరీ గోడపై చేయుదము. లోపమున్న మన ఖర్చుననే తెలియును.

ఇందుకు డబ్బెక్కడిదని కొందరు అడుగుదురు. బూడిదను లారీల కెత్తి దూరముగా పోయుటకు నేడును డబ్బు వ్యయమగుచునే యున్నది. ఆ సొమ్ములో కొంత పరీక్షకు మరలించిన చాలును.

ఈ నేల మనకు నీరిచ్చినది, నిలువ నీడ నిచ్చినది. మన భాషకు బడి కావలెనని అడుగుటకు మనకెంత హక్కు కలదో, పొరుగువాని కంట మసి పడకుండ చూచుకొనుటకు అంత బాధ్యతయు కలదు. మన సభ్యులలోని మిల్లు యజమానులు వచ్చు కోతలలోపల తమ పెరటి బూడిదను పరీక్షకు పంపుదురు గాక. నా పొరుగింటి ఇల్లాలికి నేను బదులు చెప్పవలసి యున్నది.