మందు మన పక్కూళ్లో, గుసగుస మన ఊళ్లో

2025 జనవరి 8న నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి ప్రధాని శంకుస్థాపన చేసినకాడ్నుంచి మన పాయకరావుపేట నియోజకవర్గంలో ఒకటే చర్చ. భూములేమౌతాయి, సముద్రమేమౌద్ది, ఉద్యోగాలు మనోళ్లకొస్తాయా? అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇంకోటి కూడా అడగాలి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ: ఆ మందులు ఎవర్ని బతికిస్తాయి?

నక్కపల్లిలో ప్లాంటున్న హెటెరో కంపెనీ దేశదేశాలకి హెచ్ఐవీ మందులు పంపుతాది. మన ఊళ్లల్లో మాత్రం హెచ్ఐవీ అంటే ఇప్పటికీ గుసగుసే.

ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో పెద్దోళ్లకి ఎక్కువగా ఇచ్చేది రోజుకో మాత్ర, ఉచితంగా. అందులో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. వైరస్ తెల్లరక్తకణంలోకి దూరి ముందు తన జన్యువుకి డీఎన్ఏ నకలు రాసుకుంటాది. మొదటి రెండు మందులు ఆ రాతని ఆపుతాయి. ఆ తర్వాత నకలుని మన డీఎన్ఏలో కలిపి కుట్టేసే ఎంజైమ్ పేరు ఇంటిగ్రేజ్. అది పనిచెయ్యాలంటే మెగ్నీషియం కావాలి. డోలుటెగ్రావిర్ ఎల్లి ఆ మెగ్నీషియాన్నే పట్టుకుంటాది. ఇంక కుట్టు పడదు.

అందుకే గ్యాస్ మందుతో జాగ్రత్త. అందులో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటే మాత్రని కడుపులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. గ్యాస్ మందుకి 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ మాత్ర వేసుకోవాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే డోలుటెగ్రావిర్‌ని ఒంట్లోంచి బేగి పోగొడతాది. అప్పుడు డాక్టరు 12 గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాములు ఇస్తారు. అంటే వేరే డాక్టరు దగ్గరకెళ్లినా హెచ్ఐవీ సంగతి చెప్పాలి. సిగ్గుపడి దాస్తే దెబ్బ ఒంటికే.

ఇప్పటికే కుట్టేసిన వైరస్‌ని ఈ మాత్ర విప్పలేదు. మానేస్తే అది మళ్లీ లేస్తాది. మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనపడనంత తగ్గి, అలాగే ఉంటే సంభోగం ద్వారా ఇంకొకరికి అంటదు.

మరెందుకు మానేస్తారు? చాలాసార్లు, కేంద్రం కాడ ఎవరైనా చూస్తారనే భయంతో. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒకరి జబ్బు సంగతి వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదు, ఆ కారణంగా పనిలోంచి తియ్యకూడదు. సందేహముంటే 1097కి ఫోన్ చెయ్యండి.

వైరస్ పని మాత్ర చూసుకుంటాది. గుసగుసని ఆపాల్సింది మనమే.