కీలక ఖనిజాలు కావాలి, రైతు మాట అక్కర్లేదా?

కేంద్ర మంత్రివర్గం 2025 జనవరి 29న జాతీయ కీలక ఖనిజాల మిషన్‌ను ఆమోదించింది. ఏడేళ్లలో దీనికి రూ.16,300 కోట్లు ఖర్చు చేస్తామంది. ప్రభుత్వరంగ సంస్థలు మరో రూ.18,000 కోట్లు పెడతాయని అంచనా కట్టింది. అదే ఏడాది నవంబర్ 26న రేర్ ఎర్త్ అయస్కాంతాల తయారీకి రూ.7,280 కోట్ల పథకం వచ్చింది. 2026-27 బడ్జెట్‌లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ రాష్ట్రాల్లో రేర్ ఎర్త్ కారిడార్లు ఏర్పాటు చేస్తామని ఆర్థిక మంత్రి ప్రకటించారు.

ఈ ప్రకటనల మధ్యలో పెద్దగా చర్చకు రాని ఆదేశం ఒకటి ఉంది. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీస్ మెమొరాండం జారీ చేసింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల తవ్వకాలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ఇకపై ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని అందులో ఉంది. లీజు విస్తీర్ణం ఎంతైనా అనుమతి వ్యవహారమంతా ఢిల్లీలోనే తేలుతుంది. మన తీర గ్రామాల రైతులకు పై ప్రకటనలన్నిటికంటే ఈ మెమోతోనే ఎక్కువ సంబంధం ఉంది.

ఎందుకో చూద్దాం. తూర్పు కనుమల రాళ్లు వేల ఏళ్లుగా అరిగి, వంశధార, నాగావళి, గోస్తనీ నదుల వెంట సముద్రానికి చేరి, అలలతో మళ్లీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ ఇసుకలోనే ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ ఉన్నాయి. దేశంలో కోటీ 30 లక్షల టన్నులకు పైగా మోనజైట్ నిల్వలున్నాయని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క కట్టింది. రాష్ట్రాల్లో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 36 లక్షల టన్నులకు పైమాటే. నియోడిమియం, సమేరియం వంటి రేర్ ఎర్త్ మూలకాలు మోనజైట్‌ నుంచే వస్తాయి. విద్యుత్ వాహనాల మోటార్లకూ, గాలిమరలకూ, క్షిపణులకూ కావలసిన బలమైన అయస్కాంతాలు వీటితోనే తయారవుతాయి. మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం కూడా ఉంటుంది. అందుకే తీర ఇసుక ఖనిజాలను అణు ఖనిజాల జాబితాలో పెట్టారు. 2019 నుంచి వీటి తవ్వకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు.

విశాఖ ఈ వ్యవహారంలో కొత్తగా చేరింది కాదు. ఒడిశాలోని ఛత్రపూర్‌లో ఐఆర్ఈఎల్ సంస్థ తీర ఇసుక నుంచి తీసిన రేర్ ఎర్త్ పదార్థాన్ని అచ్యుతాపురం సెజ్‌లోని జపాన్ కంపెనీ శుద్ధి చేసి తమ దేశానికి పంపుకొంది. 2023 మే 11న అచ్యుతాపురంలోని బార్క్ ఆవరణలో ఐఆర్ఈఎల్ అయస్కాంతాల ప్లాంటును ప్రధాని జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు, అంటే మూడు టన్నులు. కొత్త పథకం పెట్టుకున్న లక్ష్యం ఏడాదికి 6,000 టన్నులు. అయస్కాంతం రకం వేరు కావచ్చు, కానీ మూడు టన్నుల అనుభవం నుంచి ఆరు వేల టన్నుల లక్ష్యానికి పోవాలంటే ఎంత ఖనిజం కావాలో, అది ఎక్కడి ఇసుక నుంచి రావాలో ఆలోచిస్తే చూపు భీమిలి నుంచి శ్రీకాకుళం వరకున్న తీరం మీద పడక తప్పదు.

మనం పరిశోధనకు వ్యతిరేకం కాదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్‌ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలు అయస్కాంతాల కోసం ఇబ్బంది పడ్డాయి. ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. చైనా ఫాస్ఫేట్ ఎగుమతులు బిగించినప్పుడల్లా డీఏపీ దగ్గర ఆ దెబ్బ మనకు తెలుస్తూనే ఉంది. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ఫాస్ఫరస్, పొటాష్ కూడా ఉన్నాయి. పొటాష్ దాదాపు మొత్తం దిగుమతే. పైగా ఇప్పుడు ఫాస్ఫేట్‌కు బ్యాటరీల నుంచి కూడా పోటీ వచ్చింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో వాడేదీ అదే. కాబట్టి ఖనిజాల భద్రత మనకూ అవసరమే. మిషన్ కింద గుర్తించిన తొమ్మిది పరిశోధన కేంద్రాల్లో మూడు హైదరాబాద్‌ ప్రాంతంలోనే ఉన్నాయి: ఐఐటీ హైదరాబాద్, ఎన్ఎఫ్‌టీడీసీ, సీ-మెట్. తెలుగు శాస్త్రవేత్తల చేతుల మీదుగా ఈ పని జరిగితే సంతోషమే.

మన అభ్యంతరమల్లా రైతును అడగకుండా పని కానిచ్చేయడం మీద.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు వివరాల సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. జిల్లా కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన సభ జరగాలి. రైతు అడిగిన ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కాలి. దానికి కంపెనీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ సభకు ప్రాజెక్టును ఆపే అధికారం లేదు. పోలీసు పహారా మధ్య మొక్కుబడిగా ముగిసినవి ఎన్నో ఉన్నాయి. అయినా నీళ్ల గురించి, భూమి గురించి, దారి గురించి మనం పెట్టే షరతు కాగితం మీదికి ఎక్కేది అక్కడే.

ఏజెన్సీ గ్రామాలకు పెసా చట్టం ఉంది, 1997 నాటి సమతా తీర్పు ఉంది. తీర గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి రావు. ఇక్కడి రైతుకు, మత్స్యకారునికి పర్యావరణ అనుమతికి ముందు నోరు విప్పే చోటు ఈ ఒక్క సభే. దాన్నే తీసేశారు.

దేశ భద్రత వ్యవహారం, ఆలస్యం పనికిరాదని ప్రభుత్వం అంటోంది. ఎంత ఆలస్యం? కంపెనీ కోరిన 45 రోజుల్లో సభ ముగించాలని అదే నోటిఫికేషన్ చెబుతోంది. ఏడేళ్ల మిషన్‌కు 45 రోజులు బరువైపోయాయా? తవ్వేది ప్రభుత్వ సంస్థే కదా, భయమెందుకని మరికొందరు అంటారు. ఎవరు తవ్వినా పోయేది అదే నేల. ఇసుక దిబ్బ కింద తియ్యటి నీరు నిలుస్తుంది, నూతులు దాని మీదే బతుకుతాయి. దిబ్బ తగ్గితే ఉప్పునీరు లోపలికి వస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ ఏం చేశాయో ఉత్తరాంధ్ర కొబ్బరి, జీడి రైతులను అడగండి. అలాంటి గాలికి, కెరటానికి మొదటి అడ్డు ఆ దిబ్బలూ సరుగుడు తోటలే.

మొదట రాసుకోని మాట తర్వాత దక్కదని విశాఖ రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే ఉక్కు కర్మాగారం వచ్చింది. దానికోసం 60కి పైగా గ్రామాలు 20 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చాయి. ఇంటికో ఉద్యోగమన్న ఆశతో ఆర్-కార్డులు తీసుకున్నవారిలో వేలమందికి ఆ ఉద్యోగం రాలేదు. కర్మాగారానికి సొంత ఇనుప గని కూడా ఇవ్వలేదు. 2021 జనవరి 27న దాని వంద శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకొంది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చినా సొంత గని మాట మాత్రం తేలలేదు. భూమి ఇచ్చిన రైతు చేతిలో మాత్రం కార్డు ముక్క మిగిలింది. రేపు బీచ్ శాండ్‌కు భూమి పోగొట్టుకునే రైతుకు ఆ కార్డు ముక్కకు కూడా ఆధారం ఉండదు. అతని మాట ఎక్కడా నమోదే కాదు గనక.

నిధులు ఎటు పోతున్నాయో కూడా చూడాలి. పాత బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త నుంచి ఖనిజాలు తీసే రీసైక్లింగ్‌కు 2025 సెప్టెంబర్‌లో రూ.1,500 కోట్లు కేటాయించారు. గనుల వ్యర్థాలు, థర్మల్ బూడిద, ఎర్ర బురద నుంచి ఖనిజాలు తీసే ప్రయోగాలకు మిషన్‌లో ఉన్నది రూ.100 కోట్లు. ఎకరం భూమి కూడా అడగని ఈ దారికి దక్కింది అంతే. సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద, ఎరువుల కర్మాగారాల జిప్సం గుట్టలు విశాఖ పరిసరాల్లోనే ఉన్నాయి. వీటిలో రేర్ ఎర్త్‌లు ఎంతున్నాయి, ఏ ఖర్చుతో తీయవచ్చు అన్నది తేల్చాల్సింది పరిశోధనే. ముందు ఆ పని చేయాలి. పొలం వైపు రావడం ఆ తర్వాత సంగతి.

కాబట్టి మనం కోరేవి ఇవి. సెప్టెంబర్ 8 నాటి మెమోను ఉపసంహరించి, ప్రజాభిప్రాయ సేకరణను పునరుద్ధరించాలి. తవ్వకానికి ముందే భూగర్భ జలాలు, రేడియేషన్ స్థాయి కొలిచి, తెలుగులో గ్రామ సచివాలయం దగ్గర పెట్టాలి. భూమిని శాశ్వతంగా తీసుకోకుండా లీజుకే తీసుకోవాలి. ఏ ఏడాది ఏ స్థితిలో తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాయాలి. డి-పట్టా రైతులకూ, కౌలుదారులకూ పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలి. 2015 జనవరి 12 తర్వాతి లీజులపై జిల్లా ఖనిజ నిధికి రాయల్టీలో 10 శాతమే జమ అవుతోంది. పాత లీజులకు ఉన్నట్టే దాన్ని 30 శాతం చేయాలి. మిషన్ పరిశోధన నిధుల్లో ఫాస్ఫేట్, పొటాష్‌లకు విడిగా వాటా చూపాలి.

మెమో ఢిల్లీలో జారీ అయినా గ్రామసభ మన చేతిలోనే ఉంది. తీర మండలాల్లోని ప్రతి పంచాయతీలో ఈ డిమాండ్లతో తీర్మానం చేయిద్దాం. సర్పంచ్ సంతకంతో ఒక ప్రతి కలెక్టర్‌కు, ఒక ప్రతి పర్యావరణ శాఖకు పంపుదాం, రసీదు జాగ్రత్త చేసుకుందాం. సభ పెట్టి అడగం అన్నంత మాత్రాన మనం చెప్పకూడదని ఎక్కడా లేదు.