ట్రయథ్లాన్‌కు ముందు చెవులు కాస్త మూసుకోండి

విశాఖ నుంచి అరకు దాకా సైకిల్ తొక్కే కుర్రాడు మొదటిసారి ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌కు పేరిచ్చాడంటే చాలు, సలహాలు మొదలవుతాయి. వెట్‌సూట్ కొనమంటారొకరు. అన్నం మానేయమంటారు ఇంకొకరు. దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగుతూనే ఉండమని మరొకరు. వీటికంటే శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కడమే తేలిక.

చాలా సలహాలు మన వాతావరణం చూసి పుట్టినవి కావు. వెట్‌సూట్ చల్లటి నీళ్లలో ఈదేటప్పుడు వేసుకునే దుస్తు. 1,500 మీటర్ల లోపు ఈతకు నీరు 22 డిగ్రీలు దాటితే సాధారణ పోటీదారులు దాన్ని వేసుకోకూడదని ప్రపంచ ట్రయథ్లాన్ సమాఖ్య నిబంధనే ఉంది. వెచ్చటి బంగాళాఖాతంలో దాంతో ఏం పని? ఆర్కే బీచ్‌లో నీరు ఎక్కడ లోపలికి లాగుతుందో చెప్పే జాలరి మాట అంతకంటే విలువైనది.

నీళ్ల సంగతి మరీ ప్రమాదకరం. వీలైనంత తాగమనే మాటకు 1996లో అమెరికా క్రీడావైద్య నిపుణుల సంఘం మార్గదర్శకాల అండ కూడా ఉండేది. 2002 బోస్టన్ మారథాన్ ముగిశాక 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా తేలింది. ఎక్కువ తాగి, పరుగులో బరువు పెరిగినవారికే ఆ ముప్పు ఎక్కువ. ఆ పోటీలోనే ఒక యువతి అలా ప్రాణం కోల్పోయింది. 2007లో ఆ సంఘం తన మాట మార్చుకుంది. పాత మాట మాత్రం ఇప్పటికీ నోటినోటా తిరుగుతూనే ఉంది.

ఆ మాటకొస్తే, 1978లో హవాయిలో తొలి ఐరన్‌మ్యాన్ అనే సుదీర్ఘ ట్రయథ్లాన్‌కు దిగినవారు 15 మంది, పూర్తిచేసినవారు 12 మంది. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్‌కు దారిలో నీళ్లు అయిపోతే సహాయకులు బీరు అందించారు! అనుకరించమని కాదు. సలహాదారుల దండు లేకుండానే ఈ ఆట పుట్టిందని చెప్పడానికి.

కొత్తవారు దిగేది సాధారణంగా స్ప్రింట్ పోటీకి: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 226 కిలోమీటర్ల ఐరన్‌మ్యాన్ తిండి లెక్కలు వీరికెందుకు? ఎవరైనా సలహా ఇస్తే అది ఎంత దూరం పోటీకి, ఏ నీళ్లలో, ఏ ఎండలో పనికొచ్చిందో అడగాలి. జవాబు లేకపోతే నవ్వి ఊరుకోవచ్చు.

శిక్షకుడు ఒక్కరు చాలు. ఘాట్‌లో వానకు తడిసిన మలుపు దగ్గర, తిరగకముందే రెండు బ్రేకులూ మెల్లగా నొక్కమని అదే రోడ్డుమీద తొక్కేవారు చెబితే, ఆ మాట వినాలి. పోటీకి రెండు వారాల ముందు వచ్చే కొత్త బూట్ల సలహానూ, కొత్త సీటు సలహానూ పోటీ అయ్యాక చూసుకోవచ్చు.