లెక్కకు రాని పూడిక

ఉద్యమ సభల్లో శ్రీరాంసాగర్ అనగానే మేము 112 టీఎంసీలనే చెప్పేవాళ్లం. నీళ్లలో మన వాటా ఎంతో లెక్క కట్టాం, ఎవరు తరలించుకుపోయారో లెక్క కట్టాం. అడుగున చేరిన మట్టి లెక్క మాత్రం వదిలేశాం. 1994 సర్వే నాటికే ఆ జలాశయం 90 టీఎంసీలకు పడిపోయింది. ఆ తర్వాతి సర్వేలో 80 దగ్గర తేలింది. ముప్పై టీఎంసీల చోటును ఏ కాలువా ఎత్తుకుపోలేదు.

నది పనే అది. త్ర్యంబకం కొండల్లో పుట్టిన గోదావరి మహారాష్ట్ర నల్లరేగడి మీదుగా పారి కందకుర్తి దగ్గర మన గడ్డ మీదికొస్తుంది. దక్కన్ నల్లరాయి ఎండకు పగిలి, వానకు నాని మట్టి అవుతుంది. గట్టి వాన పడితే వాగుల్లోకి దిగుతుంది. నీటికి పరుగున్నంతసేపు మట్టి దానితోనే పోతుంది. పరుగు తగ్గితే ముందు ఇసుక, ఆ వెనుక ఒండ్రు కిందికి దిగుతాయి. ఆనకట్ట చేసేది ఆ పరుగును ఆపడమే కదా!

ఇంజనీర్లకు ఇది తెలియదా? తెలుసు. పూడిక కోసమే జలాశయం అడుగున కొంత చోటు వదులుతారు. కానీ నది జలాశయంలో అడుగుపెట్టే మొదట్లోనే చాలా మట్టి దించేస్తుంది. అంటే పొలాలకు పారాల్సిన నీటి చోటునే మింగుతుంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ 29 టీఎంసీలకు పైబడినది. ఇప్పుడు దాని లెక్క 17.8.

ఇక్కడ ఆగిన ఒండ్రు అక్కడ సముద్రానికి చేరదు. గోదావరి డెల్టా ఆ ఒండ్రుతో పుట్టిందే. మట్టి రాక తగ్గాక కోనసీమ తీరాన్ని పలుచోట్ల అలలు కోసేస్తున్నాయి. అక్కడి మత్స్యకారుల గోస మనకు పట్టనిదేమీ కాదు.

మన పెద్దలు ఎండాకాలం చెరువు మట్టిని బండ్లకెత్తి పొలాల్లో పోసుకునేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆ పనినే మళ్లీ ముందుకు తెచ్చింది. కానీ శ్రీరాంసాగర్‌ను తట్టలతో తోడలేం. వరద మొదట్లో గేట్లెత్తి బురదనీటిని వదలడం, ఎగువన గుట్టల మీద చెట్లు నిలపడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చేయాల్సిన పనులు.

ముందు లెక్క బయటపెట్టాలి. ఆయకట్టు చివరి రైతుకు నీళ్లెందుకు రాలేదో తెలియాలి. ప్రతి పెద్ద జలాశయానికి తాజా సర్వే జరిపి, కట్టినప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత అన్నది తెలుగులో తూము దగ్గర బోర్డు మీద రాయాలి.