సలహాసంస్థలును ప్రజాధనమును

ఇతరుల కట్టడములకు లెక్కలు వేసి యిచ్చుటయే వృత్తిగాఁ గల సంస్థలకు యంత్రములును గిడ్డంగులును అంతగా నక్కఱలేదు. ఇంజనీరుల జ్ఞానమే వాని మూలధనము. భారతప్రభుత్వము 1969లో స్థాపించిన వాప్కోస్ అట్టి సంస్థ. ఆఫ్గనిస్థానమున హెరాత్ సీమలో సల్మా ఆనకట్టను నిర్మించి 2016లో ఆ దేశమున కప్పగించినది యీ సంస్థయే. స్వదేశీయుల ప్రజ్ఞ పరదేశములందు వన్నెకెక్కుట మనకు గర్వకారణమే. కాని గర్వము వేఱు, లెక్క వేఱు.

ఈ లెక్కతో మెదకు సీమకు దగ్గఱి సంబంధము కలదు. కాళేశ్వరము ఎత్తిపోతల పథకమునకు వివరమైన నివేదికను సిద్ధపఱచినది వాప్కోసే. ఆ పథకమందలి మల్లన్న సాగరము, కొండపోచమ్మ సాగరము పూర్వపు మెదకు జిల్లాలోనివి. 2021 ఏప్రిలులో కొండపోచమ్మ సాగరపు నీటిని హల్దీ వాగులోనికి విడిచిరి. నడివేసవిలో వాగు పాఱుట రైతునకు చిన్న మేలు కాదు.

అయితే ఆ నీటి వెల యెంత? 2024 ఫిబ్రవరిలో శాసనసభకు సమర్పింపఁబడిన కాగ్ నివేదిక దీనికి సమాధానము చెప్పుచున్నది. కేంద్ర జలసంఘమునకు సుమారు 81,900 కోట్ల రూపాయలుగాఁ జూపిన వ్యయము 1,47,427 కోట్లకు చేరవచ్చునఁట. వెచ్చించిన రూపాయికి 1.51 రూపాయల ఫలమని చూపఁగా, నిజమునకు దక్కునది 52 పైసలే యఁట. ఫలమును హెచ్చుగాను, ఏటేటి ఖర్చును తక్కువగాను జూపుటయే యిందులకుఁ గారణమని కాగ్ తేల్చినది. మన ఘనపురము ఆనకట్ట కాలువలలో మంజీర నీరు పల్లమునకుఁ దనంతఁ బాఱును. ఎత్తిపోసిన నీటికో, ప్రతియేఁటను విద్యుత్తు వెల చెల్లింపవలయును. అంచనాలోని తప్పు తరతరముల ఋణమగును.

2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కుంగిన విషయము వేఱు. దానిని మే మీ లెక్కలకు ముడిపెట్టము.

బావికిఁ జోటు చూపువాఁడు జల పడినను పడకున్నను తన రుసుము తాను గైకొనును. త్రవ్వించినవాఁడే యప్పులపా లగును. సలహాసంస్థల వ్యాపారమున నున్న చిక్కు నిదియే. పథకము కావలెనని ముందే నిశ్చయించుకొన్న ప్రభుత్వమే రుసుము చెల్లించును. గిట్టుబాటు కాదని చెప్పిన సలహాదారునకు మఱియొక పని దొరకుట యరుదు. ప్రభుత్వసంస్థలకుఁ బోటీ లేకయే పనులప్పగించు వాడుకయుఁ గలదు. వాప్కోస్ వాటాలను ప్రజలకు విక్రయించుటకై 2022లో సెబీకి పత్రము సమర్పించి 2023లో ఉపసంహరించుకొనిరి. కావున వాటాదారులై నిలదీయు భాగ్యమును ప్రజలకు లేకపోయినది. నష్టము భరించువారు మాత్రము ప్రజలే.

ఇఁక ముందు ఏ పెద్ద పథకమునకైనను నివేదికను శంకుస్థాపనకు ముందే తెలుఁగున ప్రకటింపవలయును. లెక్కను వేసినవారు గాక వేఱొకరు పరీక్షింపవలయును. రుసుములోఁ గొంతభాగమును అంచనా నిజమగువఱకు నిలిపియుంచవలయును. పొలమమ్ముకొనువాఁడు పదిమార్లు గట్లు కొలిపించుకొనును గదా! లక్షకోట్ల ప్రజాధనమునకు ఆపాటి జాగ్రత్తయైనను వలదా?