ముక్తినాథ మార్గంలో అపరిగ్రహం

నేపాల దేశంలో ధవళగిరి (8,167 మీటర్లు), అన్నపూర్ణ (8,091 మీటర్లు) శిఖరాల నడుమ కాళీగండకీ నది ప్రవహిస్తుంది. ఆ లోయ వెంట ఉత్తరాభిముఖంగా సాగితే జోమ్‌సోమ్, కాగ్‌బేనీ గ్రామాలు దాటి, సుమారు 3,700 మీటర్ల ఎత్తున శ్రీ ముక్తినాథ క్షేత్రం ఉన్నది. శ్రీవైష్ణవులకు అది 108 దివ్యదేశాలలో ఒకటి. బౌద్ధులకూ పరమ పవిత్రం.

అక్కడ రెండు విధాల యాత్రికులు తారసపడతారు. జీపులోనో హెలికాప్టరులోనో వచ్చి, 108 ధారల క్రింద తల తడుపుకొని, ఆ పూటే వెనుదిరిగే భక్తులు మొదటివారు. వీపున ఒక్క సంచితో, దినాల తరబడి నడచి, 5,416 మీటర్ల థోరోంగ్ కనుమ దాటి వచ్చే విదేశీ పాదచారులు రెండవవారు. వీరిలో అనేకులకు శ్రీమూర్తి నామమైనా తెలియదు. అయినను, పతంజలి మహర్షి యమాలలో చేర్చిన అపరిగ్రహాన్ని ఆచరణలో చూడగోరే సాధకుడు ఈ రెండవవారిని కొంతసేపు గమనించడం మేలని నా అభిప్రాయం.

సంచి సర్దుకునే వేళనే వారికి వివేకపరీక్ష మొదలవుతుంది. రెండు జతల వస్త్రాలు, ఒక కంబళి, నీటి సీసా, కొన్ని ఔషధాలు. ఇంతకు మించినది ప్రతిదీ ఎత్తున ఊపిరిని హరిస్తుంది. హేయోపాదేయ విచారణను మనం గ్రంథాలలో చదువుతాము. వారి భుజాలు దానిని గంటగంటకూ చేస్తుంటాయి. సాయంత్రం ఏ సత్రంలో చోటు దొరికితే అక్కడ శయనం, పెట్టినది భోజనం. అది తరచుగా పప్పు, అన్నం, ఆకుకూర, కొద్దిగా ఊరగాయ. మనవారిలో కొందరు అదే సత్రంలో ఇడ్లీ లేదని వంటవానిపై ఆగ్రహించడం విచారకరం. ఎత్తుకు పోయినకొద్దీ బియ్యపు గింజ సైతం ఎవరో ఒకరి శ్రమ వలననే పైకి చేరుతుంది గదా.

అయితే ఈ ప్రశంసకు ఒక హద్దు ఉన్నది. పాదచారులందరూ తమ బరువు తామే మోయరు. నుదుటికి పట్టీ తగిలించుకొని, ఇద్దరు ముగ్గురి సామగ్రిని ఒక్కడే మోసే కూలివాడు వారి ముందు నడుస్తుంటాడు. అతనికి జీవనోపాధి దొరకడం మంచిదే. కాని యజమాని తన వస్తువులను తగ్గించుకొనక, వాటి భారాన్ని మాత్రం మరొకరి మెడకు మార్చి, 'నేను నిరాడంబరంగా జీవిస్తున్నాను' అని తలచితే అది అపరిగ్రహం కాదు. పరిగ్రహం చేతులు మారినదంతే.

అంతకంటే సూక్ష్మమైన భ్రాంతి మరొకటి కలదు. యవలు పండించుకొని, మట్టి మిద్దెలలో నివసించే ఆ లోయవాసులను చూచి, 'ఎంతటి తృప్త జీవనం!' అని యాత్రికుడు మురిసిపోతాడు. ఆ దేశపు యువకులు లక్షల సంఖ్యలో గల్ఫ్‌కూ మలేషియాకూ కూలికై వెళుతున్నారని ఆ మురిపెంలో స్ఫురించదు. గల్ఫ్ వలసలు ఎరిగిన మన జగిత్యాల, నిజామాబాద్ పల్లెలవారికి దీనిని వివరించనవసరం లేదు. కలిగియుండి విడుచుట త్యాగం. లేక సహించుట దారిద్ర్యం. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం ఆ గృహస్థులకు అన్యాయం, త్యాగానికీ అవమానం.

భక్తులమైన మనకూ ఒక ప్రశ్న మిగిలియున్నది. కాళీగండకీ గర్భం సాలగ్రామ శిలల నిలయం. నిత్యారాధన నియమం గల గృహస్థు ఒక మూర్తిని స్వీకరించడం సంప్రదాయమే. పూజించే అవకాశం లేకున్నా డజన్ల కొద్దీ కొని బీరువాలో దాచడాన్ని ఏమని పిలవాలి? స్వామి పేరిట చేసినను సంచయం సంచయమే.

దేహం సహకరించేవారు జోమ్‌సోమ్ నుండి పాదచారులై వెళ్ళడం యుక్తం. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును దినానికి సుమారు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల సూచన. వాహనంలో ఒక్కసారిగా ఎక్కినవారికి శిరోవేదన, వమనం కలుగుట తరచు. వృద్ధులు, హృద్రోగులు వైద్యుని అనుమతితోనే బయలుదేరాలి, వాహనం ఎక్కడం వారికి దోషం కాదు. తక్కినవారు కాగ్‌బేనీలో ఒక రాత్రి, ఖింగార్‌లో మరొక రాత్రి నిలువవచ్చు. పితృకార్యాలకు ప్రసిద్ధమైన సంగమం కాగ్‌బేనీలోనే ఉన్నది. మధ్యాహ్నానికి ఆ లోయలో గాలి ప్రచండమవుతుంది కనుక సూర్యోదయానికే నడక ఆరంభించాలి, సంచి తమ వీపుననే ఉంచుకొని.